సెలవు కొక్కెం

గుంటూరులో ఎం.బి.ఎ. చెప్పే ఒక కాలేజీవాళ్లు పోయిన నెలలో నన్ను పిలిచారు. సెలవుల గురించి, ఉద్యోగి మీద వాటి ప్రభావం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ విషయం మీద పరిశోధకులు ఏమంటున్నారో ముందుగా చూసుకుంటారని అక్కడి లెక్చరరు అమ్మాయి ఒక జెరాక్సుల కట్ట కూడా పంపింది. సెలవు మీద కూడా పరిశోధన చేస్తారని నా ఉద్యోగం రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. చదువుతుంటే పేజీకొక మనిషి గుర్తుకొచ్చాడు. కాలేజీలో ఇచ్చిన గంటలో అందులో సగం కూడా చెప్పలేకపోయాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. పర్సనెల్ డిపార్టుమెంటులోకి, ఇప్పుడు హెచ్.ఆర్. అంటున్నారు, కొత్తగా వచ్చే పిల్లల కోసం.

చిలకలూరిపేట దారిలో ఒక నూలు మిల్లులో పర్సనెల్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. మిల్లు పేరుతో మనకు పని లేదు. ఒక పక్క పత్తి చేలు, ఒక పక్క మిరప చేలు, మధ్యలో మిల్లు. మూడు షిఫ్టులు. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఎండ ఎలా ఉంది, పత్తి లారీలు వచ్చాయా లేదా, ఎవరు ఏ పని మీద సెలవడిగారు, ఇలాంటివే ఉంటాయి అందులో. అవి ముందేసుకుని రాస్తున్నాను కాబట్టి కల్పించి చెప్పాల్సిన అవసరం రాలేదు.

కారణం అడగడం

మా సెలవు చీటీలో "కారణం" అని ఒక గీత ఉండేది. ఆ గీత మీద ఏం రాస్తే సెలవు దొరుకుతుందో మిల్లులో అందరికీ తెలుసు. పెళ్లి, చావు, జ్వరం, కోర్టు వాయిదా. ఇవి కాకుండా మరొకటి రాస్తే చీటీ వెనక్కి వచ్చేది. అలిసిపోయాను అని రాసిన మనిషిని నేను చాలా ఏళ్లు చూడలేదు.

దాంతో జనం చుట్టాలను చంపుకునేవాళ్లు. కార్డింగు సెక్షనులో సాంబయ్య అని ఒక ఫిట్టరు ఉండేవాడు. పత్తిని దువ్వి పల్చటి తెరలా చేసే యంత్రాలుంటాయి, వాటిని కార్డులంటారు. వాటి మరమ్మతు అతని పని. ఒకసారి అతను పెద్దమ్మ చనిపోయిందని చీటీ తెచ్చాడు. ఆ ఏడాదిలోనే అంతకుముందు కూడా ఒక పెద్దమ్మ పోయినట్టు నాకు గుర్తుంది.

"ఎంతమందయ్యా నీకు పెద్దమ్మలు?" అన్నాను.

"మా అమ్మకి అక్కలెక్కువ సార్. దేవుడు అట్టా ఇచ్చాడు. ఒక్కొక్కళ్లనే పంపించుకుంటన్నాను," అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

సంతకం పెట్టాను. నవ్వొచ్చింది కాబట్టి పెట్టాను. కానీ అబద్ధం చెప్పి తెచ్చుకున్న సెలవులో మనిషి ఇంటి ముందు మంచం వేసుకుని పడుకోలేడు. ఎవరన్నా చూసి మిల్లులో చెబుతారేమోనని భయం. విశ్రాంతి కోసం అబద్ధమాడాల్సి వస్తే అక్కడ విశ్రాంతి సగం పోయినట్టే. ఇది నా అభిప్రాయం. ఇప్పటికీ మార్చుకోలేదు.

మిరప కోతలకు వెళ్లిన సుజనమ్మ

నూలును పెద్ద కండెలుగా చుట్టే కోన్ వైండింగులో ఎక్కువమంది ఆడవాళ్లు. మిరప కోతల కాలం వచ్చేసరికి వాళ్లలో చాలామంది జ్వరమనో పెళ్లనో రాసి సెలవు పెట్టి, పొద్దున్నే ఆటోలెక్కి చేలకు వెళ్లేవాళ్లు. సుజనమ్మ అనే ఆవిడ వాళ్లకు పెద్ద. ఆదివారం చర్చిలో పాటలు అందుకునేది కూడా ఆవిడే. ఒకసారి కోతల నుంచి తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడింది. ముఖం నల్లగా కమిలిపోయి ఉంది. వేళ్లు మండుతున్నాయేమో, చేతులు చీరకి రాసుకుంటోంది.

"సెలవిచ్చింది ఎండలో కాయలు కోయడానికా సుజనమ్మా? అదేం విశ్రాంతి?" అన్నాను.

"కూలొచ్చిద్ది గదండీ. ఊరికే ఎవరెళ్తారు?" అంది. ఆ వెంటనే మళ్లీ అంది. "ఇంకోటి చెప్తే నవ్వుతారు. మిల్లు మోతలో పక్కదాని మాట నాకు వినపడదండీ. పెదాలు చూసి తెలుసుకోవాలి. చేలో అయితే పొద్దస్తమానం మాట్లాడుకుంటమే. నవ్వీ నవ్వీ నడుం కంటే దవడలు ఎక్కువ నొప్పి పుట్టినయ్యి."

లెక్చరరమ్మాయి పంపిన కాగితాల్లో ఒకచోట, సెలవు మేలు చేసిందా లేదా అన్నది మనిషి కాళ్లు చాపుకుని కూర్చోవడం మీద ఆధారపడదని ఉంది. చేసే పని నుంచి మనసు ఎంతవరకు తెగింది, ఆ రోజులు ఎలా గడపాలో తానే ఎంచుకోగలిగాడా అన్నవే ముఖ్యమట. అది చదివినప్పుడు సుజనమ్మ దవడలు గుర్తుకొచ్చాయి. అయితే ఆవిడ కోతలకు వెళ్లింది ముందు కూలి కోసం. దాన్ని విహారయాత్రలా వర్ణిస్తే అన్యాయం. రెండూ నిజమే, రెండూ రాసుకోండి.

మస్తాన్

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను.

మస్తాన్ కార్డింగు సెక్షనుకు మేస్త్రీ. సాంబయ్యా అతనూ ఒకే ఏడు చేరారు. పండగ రోజులు తప్పిస్తే మస్తాన్ సెలవు పెట్టగా నేను చూడలేదు. సెలవు మిగిలితే డబ్బు తీసుకునేవాడు. "మస్తాన్ లేకపోతే కార్డులు ఆడవు" అని మిల్లులో ఒక మాట ఉండేది. ఆ మాట అన్నవాళ్లు మెచ్చుకోలుగా అనేవాళ్లు. అతను మాత్రం దాన్ని భుజాన వేసుకుని తిరిగేవాడు.

రానురాను మనిషి మారాడు. ప్రతిదానికీ అరుపులే. అన్నం డబ్బా మూత రాకపోతే దాన్నీ తిట్టేవాడు. ఒకరోజు కార్డు ఆపి, సాంబయ్య లోపల చెయ్యి పెట్టి ఇరుక్కున్న దూది తీస్తున్నాడు. అతను చెయ్యి తీశాడో లేదో చూడకుండా మస్తాన్ స్విచ్చి వేశాడు. సాంబయ్య చొక్కా చెయ్యి మాత్రం పోయింది. ఇంకొంచెమైతే చెయ్యే పోయేది.

"ఒరేయ్, నన్ను కూడా నూలు వడుకుదామనుకున్నావా ఏంది?" అన్నాడు సాంబయ్య, చిరిగిన చొక్కా చూసుకుంటూ. మస్తాన్ పక్కనున్న పత్తి మూట మీద కూలబడి తన చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడట.

జనరల్ మేనేజరు గారు సస్పెండు చేద్దామన్నారు. మనిషి అలిసిపోయాడండీ, దీనికి శిక్ష మందు కాదు, సెలవివ్వండి అన్నాను. చాలాసేపు వాదించాక, "సరే, సెలవు మీద పంపండి. తర్వాత చూద్దాం," అన్నారు. గెలిచాననుకున్నాను.

మస్తాన్‌ను పిలిచి, "కొన్నాళ్లు సెలవు మీద వెళ్లు," అన్నాను.

అతను తల దించుకుని, "నా పనిముట్ల పెట్టె ఎవరికి అప్పజెప్పాలి సార్?" అని మాత్రం అడిగాడు.

బాధ్యత తెలిసిన మనిషి అనుకున్నాను.

అయిపోని సెలవు

మర్నాటి నుంచి వాచ్‌మన్ నాకొక సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. మస్తాన్ రోజూ మిల్లు కూత వేసే వేళకు అన్నం డబ్బా పట్టుకుని వచ్చి, గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చుంటున్నాడు. షిఫ్టు దిగేదాకా అక్కడే ఉంటున్నాడు. తెచ్చుకున్న అన్నం అక్కడే తింటున్నాడు.

సాయంత్రం కాలనీలో వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. లోపల నలుగురైదుగురు చుట్టాలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. మస్తాన్ భార్య ఖాశింబీ నాకు కుర్చీ వేసింది. గూట్లో అరటిపళ్లూ బత్తాయిలూ పేర్చి ఉన్నాయి.

"చూశారా సార్ పళ్లు? ఇంట్లో ఎవరో చచ్చినట్టు తెచ్చిచ్చిపోతన్నారు," అంది. "పొదిలి నుంచి మా తమ్ముడు కూడా వచ్చాడు. వాళ్ల ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే షాపులో కూర్చోబెడతాడంట ఈయన్ని."

"అదేంటమ్మా, నేను సెలవు మీదే కదా పంపింది?"

"ఇంతకు ముందున్న మేనేజరు కూడా సెలవు మీదే పంపాడు సార్, ముగ్గుర్ని. ఇంతవరకూ వాళ్ల సెలవు అయిపోలా."

తెలిసిన సంగతే, నాకు అప్పుడు గానీ తట్టలేదు. మిల్లులో మనిషిని తీసేయదలచుకుంటే కాగితం ఇచ్చేవాళ్లు కాదు. గొడవవుతుందని, మర్యాదగా సెలవు మీద వెళ్లమనేవాళ్లు. గేటు దగ్గర ఒక చెక్క బోర్డు ఉండేది. దాని మీద రెండు వరసల కొక్కేలు. పై వరసకు "లోపల" అనీ కింది వరసకు "బయట" అనీ రాసి ఉండేది. ప్రతి కార్మికుడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల. పనిలోకి వచ్చేటప్పుడు బిళ్లను బయట నుంచి లోపలికి మార్చాలి, దిగేటప్పుడు మళ్లీ బయటికి. మనిషి సెలవు పెట్టినా, ఉద్యోగం పోయినా, హాజరు చూసే టైమ్ ఆఫీసు వాళ్లు బిళ్ల తీసి సొరుగులో వేసేవాళ్లు. చూసేవాళ్లకు రెంటికీ తేడా తెలిసేది కాదు. కనిపించేది ఖాళీ కొక్కెం ఒక్కటే. పైగా "తర్వాత చూద్దాం" అన్న మాట అప్పటికే ఆఫీసు దాటి కాలనీ చేరిపోయింది.

మస్తాన్ గోడకానుకుని కూర్చున్నాడు. "నేను లేకుండా ఆడతన్నయ్యి సార్ కార్డులు," అన్నాడు. "కొట్లో కూర్చుంటే వినపడిద్ది. బానే ఆడతన్నయ్యి."

ఎందుకు అన్నేళ్లు సెలవు పెట్టలేదో ఆ ఒక్క మాటతో చెప్పేశాడు.

మూడో వరస

మర్నాడు జనరల్ మేనేజరు గారి గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పాను.

"తప్పు చేశాడు కదండీ. నాలుగు రోజులు భయపడనివ్వండి," అన్నారు.

"భయపడుతూ కూర్చుంటే అది సెలవు ఎలా అవుతుంది సార్? సస్పెన్షనే అయితే అలాగే కాగితమివ్వండి. సెలవైతే తిరిగొచ్చే రోజు రాసివ్వండి."

"నేనెప్పుడైనా సెలవు పెట్టానా?"

"వాళ్లకు భయం పుట్టడానికి అదీ ఒక కారణమే సార్."

నోరు జారిందేమో అనుకున్నాను. ఆయన కాగితం తీసుకుని తిరిగొచ్చే తేదీ వేసి సంతకం చేశారు. "మనిషి సరిగ్గా తిరిగి రావాలి. మళ్లీ ఇలాంటిది జరిగితే మీరు అడ్డురాకూడదు," అన్నారు. మస్తాన్ ఉద్యోగం అలా ఆ సెలవు మీదే నిలబడింది.

ఆయన గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. కఠినుడని పేరు. భార్య పోయాక ఒంటరిగా గెస్టు హౌసులో ఉండేవారు. ఒకసారి నాతో, "ఆదివారం పొద్దు గడవదండీ," అన్నారు. సెలవంటే అందరికీ సుఖం కాదు. కొందరికి పనే ఇల్లు. అలాంటివాళ్లకు సెలవు నేర్పబోయే ముందు ఆ ఇంటి సంగతి ఆలోచించండి.

మిల్లు వడ్రంగి చేత బోర్డు కింద ఇంకో వరస కొక్కేలు కొట్టించాను. పెయింటరు దాని పక్కన "సెలవులో" అని రాశాడు. సొరుగులోంచి మస్తాన్ బిళ్ల తీసి, తిరిగొచ్చే తేదీ రాసిన అట్టముక్కతో కలిపి అక్కడ తగిలించాను. షిఫ్టు మారే వేళ జనం బోర్డు చుట్టూ మూగారు.

"వీడెక్కడికీ పోలేదురోయ్, ఇక్కడే వేలాడతన్నాడు," అన్నాడు సాంబయ్య.

వెనక నుంచి ఒక గొంతు అంది. "ఆఫీసోళ్లు కొట్టిన కొక్కెం. రేపు ఆళ్లే పీకుతారు."

అన్నదాంట్లో తప్పేముంది? మా ఆఫీసర్లకు బిళ్లలుండేవి కావు. ఆఫీసరు సెలవులో ఉన్నాడో లేడో బోర్డు చెప్పదు. టైమ్ ఆఫీసులో నాకూ ఒక బిళ్ల కొట్టించుకున్నాను. సెలవు చీటీ రాసి, మస్తాన్ పక్క కొక్కేనికి నా బిళ్ల తగిలించాను. గేటు బయటికి వస్తే టీ కొట్లో మస్తాన్ ఉన్నాడు.

"లోపలికొచ్చి బోర్డు చూసి వెళ్లు," అన్నాను.

వాచ్‌మన్ గేటు తీశాడు. మస్తాన్ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. అట్టముక్క తిప్పి మళ్లీ తిప్పి చూశాడు.

"ఈ పక్కది మీదా సార్? మీరెక్కడికి పోతన్నారు?"

"అద్దంకి. మా అక్క దగ్గరికి. నువ్వు?"

"మా బామ్మర్ది పొదిలి రమ్మంటన్నాడు," అని, ఏదో తట్టినట్టు ఆగి, "షాపులో కూర్చోటానికి కాదు సార్. ఊరికే చూసొస్తా," అన్నాడు.

ఇవాళ ఏ వారం?

పొదిలిలో ఏం జరిగిందో తర్వాత ఖాశింబీ చెప్పింది. వెళ్లిన రోజంతా సాంబయ్యకు ఫోన్లే. బెల్టు బిగించావా, నూనె పోశావా అని. విసిగిపోయి ఆవిడ ఫోను బియ్యం డబ్బాలో దాచింది. ఇద్దరికీ పోట్లాట అయింది. ఆ తర్వాత పడుకున్నాడట. అన్నానికి లేపితే లేవడం, తిని మళ్లీ పడుకోవడం. ఒంట్లో బాగాలేదేమోనని తమ్ముడు కంగారుపడ్డాడు. కొన్నాళ్లకు తనంతట తనే లేచి కందిచేను గట్టు మీదికి నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు అక్కడి నుంచి వచ్చి నీళ్లు తాగుతూ, "ఇవాళ ఏ వారం?" అని అడిగాడట.

"ఆ మాట విన్నాకే నాకు ఊపిరొచ్చింది సార్," అంది ఖాశింబీ. "షిఫ్టులు మర్చిపోయాడు."

పిల్లలూ, మీలో ఎవరైనా సెలవులో ఉన్న మనిషికి ఫోను చేసి, ఒక్క నిమిషం ఆ ఫైలెక్కడుందో చెప్పమంటే, ఆ బియ్యం డబ్బా గుర్తు తెచ్చుకోండి. ఆ ఒక్క నిమిషంతో మీరు ఆ మనిషిని మళ్లీ మొదటి రోజుకు లాక్కొస్తారు.

తేదీ ప్రకారం మస్తాన్ తిరిగొచ్చాడు. నేనూ వెనకే కార్డింగులోకి వెళ్లాను. యంత్రాల మధ్య నిలబడి చుట్టూ చూశాడు. అన్నీ ఆడుతున్నాయి. అంత శబ్దంలో గొంతు పెంచి, "బానే నడిపావుగదరా," అన్నాడు సాంబయ్యతో. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో ముఖమే చెప్పింది.

"నడవక? నువ్వు లేకపోతే పత్తి పండటం మానేసిద్దనుకున్నావా?" అన్నాడు సాంబయ్య. "ఆ చివరి కార్డు మాత్రం నాకు లొంగలా. నీ కోసమే అట్టిపెట్టా. టీ తాగేటప్పుడు తిట్టేవాడు కూడా లేక చప్పగా ఉంది."

ఆ కార్డు నిజంగా లొంగలేదో, కావాలనే వదిలేశాడో నేను అడగలేదు. మస్తాన్ చొక్కా చేతులు మడిచి దాని దగ్గరికి వెళ్లాడు. స్విచ్చి ముట్టుకోబోయే ముందు, "చేతులన్నీ బయటున్నయ్యా?" అని అరిచాడు. ఆ అలవాటు ఆ తర్వాత పోలేదు.

మళ్లీ ఆకలి

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అయ్యేది. కానీ కొన్ని వారాలు గడిచాయో లేదో మస్తాన్ మళ్లీ అన్నం డబ్బా మూతను తిట్టడం విన్నాను. జనరల్ మేనేజరు గారు నన్ను పిలిచి, "ఏమైందండీ మీ సెలవు?" అన్నారు.

"పొద్దున అన్నం తిన్నాం సార్. సాయంత్రానికి మళ్లీ ఆకలేస్తుంది. పొద్దున తిన్నది దండగ అనం కదా," అన్నాను.

పరిశోధకులూ ఇంచుమించు ఇదే అంటున్నారు. సెలవు ఇచ్చిన హాయి తిరిగి పనిలో చేరాక త్వరగానే కరిగిపోతుందట, ఎంత పొడుగు సెలవైనా. కాబట్టి ఎప్పుడో ఒకసారి పెద్ద సెలవిచ్చి చేతులు దులుపుకోకండి. చిన్నచిన్నవి తరచుగా, మనిషి విరిగిపోకముందే ఇవ్వండి. మేం ఒకరి తర్వాత ఒకరికి సెలవిచ్చే వంతుల పద్ధతి పెట్టాం. దాని మీద మీటింగు జరిగినప్పుడు జనరల్ మేనేజరు గారు ప్రొడక్షను పడిపోతుందంటే సాంబయ్య లేచాడు.

"గుంటూరు మిర్చి యార్డుకే ఎండాకాలం సెలవులిస్తన్నారండీ. ఆ మిరపకాయకున్న ఇలువ మాకు లేదా?"

ఆయన కూడా నవ్వారు. నాకు తెలిసి ఆయన ఆ మిల్లులో నవ్వింది అప్పుడే. వంతులకు ఒప్పుకున్నారు. ఆయన మాత్రం ఎప్పటికీ సెలవు పెట్టలేదు. ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర ఆగి, మూడో వరసలో ఖాళీ కొక్కేలను చూస్తూ నిలబడటం మాత్రం చూశాను.

మరుసటి ఎండాకాలం మస్తాన్ తనంతట తనే చీటీ తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎవరూ పంపలేదు, ఏ గొడవా జరగలేదు. చీటీలో కారణం గీత ఖాళీగా ఉంది.

"కారణం?" అన్నాను, ఏడిపిద్దామని.

తలగోక్కున్నాడు. పెళ్లి లేదు, చావు లేదు, జ్వరం లేదు. పెద్దమ్మలు సాంబయ్యకే గానీ అతనికి లేరు.

"ఊరికే సార్," అన్నాడు.

సంతకం పెట్టి చీటీ ఇచ్చాను. అతను గేటు దగ్గరికి వెళ్లి, తన బిళ్ల తనే తీసి మూడో వరసలో తగిలించుకున్నాడు. ఈసారి పనిముట్ల పెట్టె సంగతి అతను ఎత్తలేదు. నేనే అడిగాను.

"సాంబడి దగ్గరుంది సార్," అన్నాడు, గేటు దాటుతూ. "వచ్చాక తీసుకుంటా."